మా పిల్లలు పట్టుకున్న గ్రహశకలానికి పేరెప్పుడు?

నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. 2021లో మా పదో తరగతి పిల్లలు కొందరు, నేనూ కలిసి అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఒక గ్రహశకలాన్ని మొదటిసారి గుర్తించి రిపోర్టు చేశాం. దానికి ఇప్పుడు తాత్కాలిక గుర్తు ఉంది, కక్ష్య ఉంది. శాశ్వత నంబరు మాత్రం ఇంకా రాలేదు, నంబరు రానిదే పేరు పెట్టడానికి వీల్లేదు. ఊళ్ళో ఎవరు కనబడినా "పేరు పెట్టేశారా టీచర్?" అనే అడుగుతారు. గుర్తించడానికీ పేరు పెట్టడానికీ మధ్య ఏం జరుగుతుందో ఒకచోట వివరంగా రాస్తే, తమ బడిలో ఈ పని మొదలుపెట్టాలనుకునే టీచర్లకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పిల్లల పేర్లు, ఆ గ్రహశకలం పూర్తి గుర్తు ఇక్కడ ఇవ్వడం లేదు. వాళ్ళ గురించి చెప్పుకునే హక్కు వాళ్ళదే.

మేం చేరింది ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ నడిపే క్యాంపెయిన్లో. అందరూ దాన్ని 'ఐజాక్' అంటారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని హార్డిన్-సిమన్స్ యూనివర్సిటీలో 2006లో మొదలైంది. పైసా ఫీజు లేదు. టీమ్‌గా పేరు నమోదు చేసుకుంటే, దాదాపు నెల రోజుల పాటు ఆకాశం ఫొటోలు మనకి పంపిస్తారు. అందులో కదిలేవి వెతికి కొలతలు తీసి తిరిగి పంపాలి. ఫొటోలు హవాయి దీవుల్లో హలియాకల కొండ మీదున్న పాన్‌స్టార్స్ టెలిస్కోపు తీసినవి. దాని అద్దం వెడల్పు 1.8 మీటర్లు, కెమెరాలో 140 కోట్ల పిక్సెళ్ళు. మూడువేల మీటర్ల ఎత్తున, మబ్బులకి పైన ఉన్న అలాంటి టెలిస్కోపు చూసిన ఆకాశం రోజుల వ్యవధిలో మా బడి కంప్యూటర్లోకి వస్తుందన్న మాటే నన్ను ఇందులోకి లాగింది. కోవిడ్ తరువాత బడులు తెరిచిన కొత్తలో పిల్లల మనసు దేనిమీదా నిలిచేది కాదు. వాళ్ళకి నిజమైన పని ఒకటి ఇవ్వాలనుకున్నాను. జవాబు పుస్తకం వెనకాల ఉండని పని.

కావలసిన సామాను తక్కువే. విండోస్ ఉన్న కంప్యూటర్, ఇంటర్నెట్, ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్. దీన్ని ఆస్ట్రియాకి చెందిన హెర్బర్ట్ రాబ్ రాశారు. ప్రపంచంలో గ్రహశకలాల స్థానాలు కొలిచే ఎంతోమంది ఔత్సాహికులు వాడేది ఇదే. మా ల్యాబ్‌లో నెట్ సరిగా ఉండేది కాదు కాబట్టి ఫొటోలు నా ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకుని పెన్‌డ్రైవ్‌లో పంచేదాన్ని.

ఒక్కో సెట్‌లో సాధారణంగా నాలుగు ఫొటోలు ఉంటాయి. ఆకాశంలో ఒకే ముక్కని కొంత విరామంతో నాలుగుసార్లు తీస్తారు, మొదటి ఫొటోకీ చివరి ఫొటోకీ మధ్య సుమారు గంట తేడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ముందు ఫొటోలోని నక్షత్రాలని కేటలాగుతో పోల్చి, ఏ చుక్క ఆకాశంలో కచ్చితంగా ఎక్కడుందో లెక్క కడుతుంది. తరువాత నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి వరసగా మార్చి మార్చి చూపిస్తుంది. దీన్ని బ్లింక్ చేయడం అంటారు. నక్షత్రాలు కదలవు. కదిలేది ఏదైనా ఉంటే అది నక్షత్రం కాదు.

చెప్పడానికి సులువు. మెయిన్ బెల్ట్‌లో, అంటే అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న పట్టీలో, ఉన్న గ్రహశకలం సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్నప్పుడు గంటకి సుమారు 30 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. పౌర్ణమి చంద్రుడి వెడల్పుని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం. స్క్రీన్ మీద అది ఒక చిన్న గెంతు, అంతే. ఫొటో నిండా కెమెరా లోపాల వల్ల వచ్చే చుక్కలు, ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ వచ్చే చారలు, ఒక ఫ్రేములో మెరిసి మరో ఫ్రేములో మాయమయ్యే పిక్సెళ్ళు. అన్నీ కదిలినట్టే కనిపిస్తాయి. అసలుదానికి నాలుగు లక్షణాలు చూడాలి: నాలుగు ఫొటోల్లోనూ ఉండాలి, గుండ్రంగా ఉండాలి, వెలుగు దాదాపు ఒకేలా ఉండాలి, సరళరేఖలో ఒకే వేగంతో జరగాలి. మా పిల్లలు మొదటి వారమంతా దొంగ చుక్కలే పట్టుకున్నారు. ఆ వారం వృథా కాలేదు. ఏది కాదో తెలిశాకే ఏది అవునో తెలిసింది.

ఇంకో వడపోత ఉంది. ఇప్పటికే తెలిసిన గ్రహశకలాలన్నీ ఆ సమయానికి ఎక్కడ ఉండాలో లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ ఫొటో మీద వాటి గుర్తులు వేస్తుంది. కదిలే చుక్క పక్కన గుర్తు పడితే అది పాతదే. ఎక్కువసార్లు అలాగే పడేది. పాతదే అయినా కొలత పంపితే దాని కక్ష్య మరికొంచెం కచ్చితమవుతుంది, కాబట్టి ఆ పనీ పనే. అయినా, గుర్తు పడగానే పిల్లల మొహాలు వాడిపోయేవి.

అక్టోబరులో ఒక సాయంత్రం, స్పెషల్ క్లాసులు అయ్యాక, చేపల వేట మీద బతికే ఇంటినుంచి వచ్చే ఒక అమ్మాయి "టీచర్, ఇది నడుస్తోంది, పేరు లేదు" అంది. ఆ పిల్ల చూపు నాకు ముందునుంచీ ఆశ్చర్యమే. వాళ్ళ నాన్న నేర్పిన పిల్లలకోడి, వేగుచుక్క లాంటి చుక్కలన్నీ దానికి చిన్నప్పటినుంచీ తెలుసు. స్క్రీన్ ఎడమ అంచు దగ్గర, చాలా మసగ్గా ఉన్న చుక్క. చుట్టూ ఏ గుర్తూ లేదు. మిగతా పిల్లలందరూ వెనకాల మూగారు. ఒక్కో ఫ్రేములో దానిమీద క్లిక్ చేసి కొలిచాం. నాలుగుచోట్లా ఉంది. గుండ్రంగానే ఉంది. మాగ్నిట్యూడ్ (వెలుగుని చెప్పే అంకె, పెరిగేకొద్దీ మసక) 21కి అటూ ఇటూ. వెనకనున్న నాయిస్ కంటే సిగ్నల్ గట్టిగానే ఉంది. నాలుగు స్థానాలనీ ఇంకో అబ్బాయి గ్రాఫ్ కాగితం మీద పెట్టి స్కేలు ఆనించాడు. గీత సూటిగా వచ్చింది, ఎడాలు సమానంగా ఉన్నాయి. గ్రాఫ్ గీయమని అడగకుండానే గీశాడు, నాకు అది ఇంకా గుర్తుంది.

ఆ 21 అనే అంకె గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మామూలు కంటికి కనిపించే మసక నక్షత్రం మాగ్నిట్యూడ్ 6. ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుగులో సరిగ్గా వంద రెట్ల తేడా. పదిహేను తేడా అంటే వంద, వంద, వంద హెచ్చవేయాలి: పది లక్షల రెట్లు. అంటే మా చుక్క కంటికి కనిపించే ఆఖరి నక్షత్రం కంటే పది లక్షల రెట్లు మసక. ఈ 'ఐదుకి వంద' కొలమానాన్ని 1856లో ప్రతిపాదించినవాడు నార్మన్ పాగ్సన్. ఆయన తరువాత మద్రాసు అబ్జర్వేటరీకి ప్రభుత్వ ఖగోళశాస్త్రవేత్తగా వచ్చాడు. 1861 ఏప్రిల్ 17న అక్కడినుంచే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అనే పేరు పెట్టాడు. దాని నంబరు 67. అప్పటికి మా గోదావరి జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మద్రాసు నుంచి ఆయన ఇంకా నాలుగు కనిపెట్టాడు: సాఫో, సిల్వియా, కెమిల్లా, వెరా. ఆ రోజుల్లో ఫొటోల్లేవు. ఆకాశపటం పక్కన పెట్టుకుని, టెలిస్కోపులో కనిపించే ప్రతి చుక్కనీ పటంతో సరిచూసుకుంటూ, పటంలో లేనిది కనిపిస్తే మర్నాడు అది జరిగిందో లేదో చూడాలి. మా పిల్లలు బ్లింక్ చేసి చేసే పనే, కంటితో, రాత్రుల తరబడి.

ఆ సంప్రదాయం అక్కడ ఆగలేదు కూడా. మద్రాసు అబ్జర్వేటరీ వారసత్వం కొడైకెనాల్ మీదుగా బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కి చేరింది. వాళ్ళ కావలూరు టెలిస్కోపుల కేంద్రం నుంచి 1988 ఫిబ్రవరిలో ఆర్. రాజమోహన్ కనిపెట్టిన గ్రహశకలమే 4130 రామానుజన్, గణిత శాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ పేరు. మన దేశం నుంచి, మన వాళ్ళు కనిపెట్టి, మనవాడి పేరు పెట్టారు. ఇది క్లాసులో చెప్పిన రోజున పిల్లలకి తాము చేస్తున్నది ఎక్కడినుంచో వచ్చిన పని కాదని అర్థమైంది.

కొలతలన్నీ సాఫ్ట్‌వేర్ ఒక నిర్ణీత పద్ధతిలో రిపోర్టుగా రాస్తుంది. ఒక్కో కొలతకి ఒక్కో పంక్తి, పంక్తికి 80 అక్షరాల చోటు, ఏ అంకె ఏ స్థానంలో ఉండాలో అన్నీ ముందే నిర్ణయించినవి. మా టీమ్‌కి ఇచ్చిన మూడక్షరాల కోడ్ పక్కన వరస సంఖ్య చేర్చి పంపాం. ఐజాక్ వాళ్ళు సరిచూసి ఒప్పుకుంటే దాన్ని ప్రిలిమినరీ డిటెక్షన్ అంటారు. సర్టిఫికెట్ వస్తుంది. చాలా బళ్ళలో పండగ ఇక్కడే చేసుకుంటారు. చేసుకోవాలి కూడా. కానీ ఇది మొదటి మెట్టు మాత్రమేనని పిల్లలకి అదే రోజున చెప్పాలి.

ఎందుకంటే ఒక్క రాత్రి కొలతలతో ఏ గ్రహశకలానికీ గుర్తింపు రాదు. ప్రపంచంలో ఎవరు ఏ కొలత పంపినా చివరికి చేరేది అమెరికాలో కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటర్‌కి. ఒకే రాత్రి కనిపించి, మళ్ళీ దేనితోనూ జతపడని కొలతలన్నీ అక్కడ ఒక ప్రత్యేక ఫైలులో ఉండిపోతాయి. అలాంటివి లక్షల్లో ఉన్నాయి. ఇంకో రాత్రి ఎవరైనా అదే వస్తువుని చూసి, రెండు రాత్రుల కొలతలూ ఒకే వస్తువువని లెక్క కుదిరితేనే దానికి తాత్కాలిక గుర్తు ఇస్తారు. మాది ఏమవుతుందో తెలియక ఆ కొన్ని నెలలు నాకే టెన్షన్. పబ్లిక్ పరీక్షల హడావుడిలో పిల్లలు మరిచిపోయారు గానీ నేను మరవలేదు. తరువాత మెయిల్ వచ్చింది. ప్రొవిజనల్ జాబితాలో, అంటే తాత్కాలిక గుర్తు వచ్చినవాటి జాబితాలో, మా టీమ్ పేరుంది.

ఆ గుర్తు చదవడం నేర్చుకుంటే భలే ఉంటుంది. ప్రముఖ హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ పేరు పెట్టిన గ్రహశకలాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. దాని పాత గుర్తు 2006 వి.పి.32. మొదటిది కనిపెట్టిన సంవత్సరం. తరువాతి అక్షరం ఏ నెలలో ఏ సగమో చెబుతుంది: జనవరి మొదటి సగం ఎ, రెండో సగం బి, అలా వెళితే వి అంటే నవంబరు మొదటి సగం. అందులో ఎన్నోదో చెప్పేది రెండో అక్షరం. ఐ వాడరు కాబట్టి 25 అక్షరాలు. 25 అయిపోతే మళ్ళీ మొదటికొచ్చి పక్కన 1 వేస్తారు, ఆ విడతా అయిపోతే 2. పి పదిహేనో అక్షరం, పక్కన 32 ఉంది: 32ని 25తో హెచ్చవేసి 15 కలిపితే 815. అంటే ఆ పదిహేను రోజుల్లో గుర్తు పొందిన 815వ వస్తువు. మాది 2021 టి తో మొదలవుతుంది, అక్టోబరు మొదటి సగం. మా పిల్లలు దాని వరస సంఖ్య లెక్కగట్టి బోర్డు మీద రాశారు. అన్ని వేల వస్తువుల్లో మాదొకటి అన్న సంగతి వాళ్ళని చిన్నబుచ్చలేదు, పైగా ఉత్సాహపడ్డారు.

ఈ దశలోనే వార్త బయటికొచ్చింది. ఒక పత్రికలో మా పిల్లలు నాసా శాస్త్రవేత్తలైపోయినట్టు, గ్రహానికి ఊరి పేరు పెట్టేసినట్టు రాశారు. అభినందన సభ పెట్టారు, శాలువాలు కప్పారు. ఊరి అభిమానం నాకు నిజంగా సంతోషమే. కానీ పిల్లల మనసులో అబద్ధం చిన్నదైనా నాటుకోకూడదు. మర్నాడు బోర్డు మీద ఒకే వాక్యం రాశాను: "ఫలానా రాత్రి పాన్‌స్టార్స్ తీసిన ఫొటోల్లో ఈ వస్తువును మొదట కొలిచి రిపోర్టు చేసింది మనం." ఎవరడిగినా ఇదే చెప్పండి, దీనికి ఒక్క మాట తగ్గించక్కర్లేదు, పెంచక్కర్లేదు అన్నాను. టెలిస్కోపు మనది కాదు, సాఫ్ట్‌వేర్ మనది కాదు, కక్ష్య లెక్క మనది కాదు. ఆ కొలత మాత్రం మనదే. మనిషి చరిత్రలో అంతకు ముందు ఎవరూ గుర్తించి చెప్పని ఒక రాయి అది, బహుశా ఒకటి రెండు కిలోమీటర్ల వెడల్పున్నది. దానికి ఏ శాలువా సరిపోతుంది?

ఇక అసలు నిరీక్షణ. గుర్తు వచ్చాక నంబరు రావాలంటే కక్ష్య పక్కాగా తేలాలి. కొన్ని రాత్రుల కొలతలతో కక్ష్య చెప్పడమంటే, పెద్ద మెలికల ముగ్గులో బెత్తెడు గీత మాత్రం చూసి మిగతా ముగ్గంతా వేయమన్నట్టు ఉంటుంది. ఈ ఇబ్బంది మొట్టమొదటి గ్రహశకలానికే ఎదురైంది. 1801 జనవరి 1న ఇటలీలో పలెర్మోలో జుసెప్పె పియాజ్జి సిరీస్‌ని చూశాడు. ఫిబ్రవరి 11 దాకా వెంబడించాడు. తరువాత అది సూర్యుడి వెలుగు వైపు పోయి కనుమరుగైంది. మళ్ళీ ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు 24 ఏళ్ళ జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు గౌస్ ఆ కొద్ది కొలతలతోనే కక్ష్య కట్టే కొత్త పద్ధతి కనిపెట్టి, ఫలానా చోట చూడండన్నాడు. ఏడాది ముగిసే రోజున, డిసెంబరు 31న, అక్కడే దొరికింది. క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు ఒకడు "అయితే లెక్కల మాస్టారు కూడా కనిపెట్టినట్టే కదా టీచర్" అన్నాడు. అవును, అంతే.

మెయిన్ బెల్ట్ గ్రహశకలం భూమికి బాగా కనిపించేది అది సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్నప్పుడే. అలాంటి అవకాశం ఏడాదీ పావు నుంచి ఏడాదిన్నర లోపు ఒక్కసారి వస్తుంది. ప్రతి విడతా ఎవరో ఒకరు చూడాలి, అలా సాధారణంగా నాలుగు విడతల కొలతలైనా చేరాలి. అందుకే ఐజాక్ వాళ్ళు కూడా నంబరుకి ఆరు నుంచి పదేళ్ళు పట్టవచ్చని ముందే చెబుతారు. మాది సూర్యుడి చుట్టూ తిరగడానికి ఐదేళ్ళకి కాస్త తక్కువ తీసుకుంటుంది. 2021 అక్టోబరు తరువాత 2023 జనవరిలో, 2024 ఏప్రిల్లో ఎదురొచ్చింది. ఆ రెండుసార్లూ కొలతలు చేరాయి. 2025 జూలైలో వచ్చినప్పుడు అది పాలపుంత కేంద్రం వైపు, నక్షత్రాలు కిక్కిరిసిన చోట ఉంది. అక్కడ ఇలాంటి మసక చుక్కని విడదీయడం చాలా కష్టం. పైగా ఆ నెలల్లో ఆరిజోనాలో వర్షాకాలం, అక్కడి సర్వే టెలిస్కోపులు మూసి ఉంచుతారు. ఆ విడత మాకు ఒక్క కొలత కూడా రాలేదు.

మైనర్ ప్లానెట్ సెంటర్ డేటాబేసులో ఎవరైనా ఇవన్నీ చూడవచ్చు. ప్రతి కొలత చివర ఏ కేంద్రం నుంచి వచ్చిందో కోడ్ ఉంటుంది. ఎఫ్51 అంటే పాన్‌స్టార్స్, జి96 అంటే ఆరిజోనాలోని మౌంట్ లెమన్. మా పిల్లలకి బస్సు నంబర్ల కంటే ఇవే బాగా గుర్తు. కొత్త పంక్తి కనిపిస్తే ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపుతారు. అక్కడెవరో మన గ్రహశకలం కోసమని చూడలేదు. రోజువారీ సర్వేలో ఫొటోలు తీస్తుంటే అది అందులో పడింది, కంప్యూటర్ దాన్ని పాత కొలతలతో జత చేసింది. మనకి తెలియని మనుషుల రాత్రి డ్యూటీ వల్ల మన గ్రహశకలం తప్పిపోకుండా ఉంది. కక్ష్య ఎంత అనిశ్చితంగా ఉందో చెప్పడానికి 'యు' అనే అంకె ఒకటి వేస్తారు, 0 అంటే చాలా పక్కా, 9 అంటే ఏమీ తేలనట్టు. మాది మొదట్లో 8 ఉండేది, ఇప్పుడు 3. అది 2కి దిగితే నంబరు మీద ఆశ పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా పిల్లలకి దాచలేదు. ఎన్నో ఏళ్ళ క్రితం వేరే ఎవరో చూసి గుర్తు సంపాదించిన వస్తువూ, మనదీ ఒకటేనని రేపు తేలితే, కనిపెట్టిన ఘనత వాళ్ళకి పోవచ్చు. ఆ నిర్ణయం నంబరు ఇచ్చేటప్పుడే జరుగుతుంది. ఇది విన్నాక టీమ్‌లో ఒక అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అప్పుడు కూడా మనం కొలిచింది తప్పయిపోదు కదా టీచర్?" అన్నాడు. అయిపోదు నాన్నా అన్నాను.

పేరు విషయానికొస్తే, మా బడిలో ఇంత వేడిగా జరిగిన చర్చ ఇంకొకటి లేదు. నంబరు వచ్చాక పదేళ్ళ లోపు పేరు ప్రతిపాదించే అవకాశం కనిపెట్టినవాళ్ళదే. దాన్ని అంతర్జాతీయ ఖగోళ సంఘంలో చిన్న ఖగోళ వస్తువుల పేర్లు చూసే బృందం పరిశీలిస్తుంది. వాళ్ళు ఒప్పుకుని తమ బులెటిన్‌లో ప్రచురిస్తేనే అది అధికారిక పేరు. నియమాలు చదివి వినిపించాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఖాళీలతో కలిపి 16 దాటకూడదు, ఒకే పదమైతే మంచిది, పలకడానికి వీలుగా ఉండాలి, ఎవరినీ నొప్పించకూడదు, ఉన్న పేర్లకి మరీ దగ్గరగా ఉండకూడదు, వ్యాపార ప్రచారం పనికిరాదు. పెంపుడు జంతువుల పేర్లు వద్దంటారు. మెయిన్ బెల్ట్‌కి ఒక వెసులుబాటు ఉంది. భూమికి దగ్గరగా వచ్చేవాటికి పురాణాల పేర్లు, గురుడి కక్ష్యలో తిరిగే ట్రోజన్లకి ట్రాయ్ యుద్ధ వీరుల పేర్లు అని ఆనవాయితీలున్నాయి. మెయిన్ బెల్ట్‌లో అలాంటి కట్టు లేదు. అందుకే అక్కడ కవులూ, శాస్త్రవేత్తలూ, ఊళ్ళూ, నదులూ అందరూ ఉన్నారు. కొలంబియా ప్రమాదంలో పోయిన కల్పనా చావ్లా పేరుతో 51826 ఉంది. ఆమెతో పాటు పోయిన ఆరుగురి పేర్లూ పక్కపక్క నంబర్లకే పెట్టారు.

ముందు సినిమా హీరోల పేర్లు వచ్చాయి. వాటి మీద వాళ్ళలో వాళ్ళకే పడలేదు, అక్కడితో ఆగిపోయింది. తరువాత ఒకమ్మాయి పొట్టి శ్రీరాములు పేరు చెప్పింది. రాజకీయ, సైనిక కార్యకలాపాలతో ప్రసిద్ధులైనవాళ్ళ పేర్లు పెట్టాలంటే చనిపోయి నూరేళ్ళు దాటాలని నియమం. ఆయన పోయింది 1952లో, అంటే 2052 దాకా ఆగాలి. వెంటనే ఇంకొకడు లేచి "అల్లూరి సీతారామరాజు?" అన్నాడు. 1924 మే నెల. అప్పటికి మేం 2022లో ఉన్నాం. ఇంకో రెండేళ్ళు ఆగితే నూరేళ్ళు నిండుతాయి, నంబరు ఎలాగూ అంతకంటే ఆలస్యంగానే వస్తుందని అందరూ కేకలు. ఇంటిపేరుతో కలిపి రాస్తే 16 అక్షరాలు దాటిపోయింది. సీతారామరాజు ఒక్కటీ అయితే సరిపోయింది. ఆ నూరేళ్ళ నియమం నాకు మొదట కటువుగా అనిపించింది. ఆలోచిస్తే మంచిదే. పియాజ్జి కూడా సిరీస్‌కి మొదట తన రాజు ఫెర్డినాండ్ పేరు కలిపే పెట్టాడు. మిగతా దేశాలవాళ్ళు ఒప్పుకోక ఆ ముక్క రాలిపోయింది.

ఆడపిల్లలు ఒక జట్టుగా డొక్కా సీతమ్మగారి పేరు తెచ్చారు. మా కోనసీమలోనే లంకలగన్నవరంలో, ఆకలితో వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. 1841లో పుట్టి 1909లో పోయారు. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే ఉంది. ఇంటిపేరుతో కలిపి ఒకే పదంగా రాసినా 14 అక్షరాలే. మగపిల్లల్లో ఇద్దరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి వైపు నిలబడ్డారు. శాస్త్రవేత్త కాబట్టి నూరేళ్ళ లెక్క ఆయనకి అడ్డురాదు. ఇంటిపేరు ఒక్కటే 12 అక్షరాలు. ఎవరి వాదన వాళ్ళది. పేరు వెనక రాయాల్సిన పరిచయం కొన్ని పంక్తులే ఉండాలి కాబట్టి, ఎవరి అభ్యర్థి గురించి వాళ్ళు నాలుగు వాక్యాల్లో రాసి తీసుకురమ్మన్నాను. సీతమ్మగారి గురించి ఒక అమ్మాయి రాసినవి చదివి నేను స్టాఫ్‌రూమ్‌లో మా హెడ్మాస్టారికి కూడా చూపించాను.

మధ్యలో ఒక తండ్రి, డబ్బు కడితే నక్షత్రానికి పేరు పెట్టి సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటన చూసి నా దగ్గరికొచ్చారు. కూతురికి పుట్టినరోజు కానుకగా ఇద్దామని. అలా అమ్మే పేర్లని ఖగోళ శాస్త్రంలో ఎవరూ గుర్తించరని, అంతర్జాతీయ ఖగోళ సంఘం పేర్లు అమ్మదని చెప్పి, ఆ డబ్బుతో ఒక మంచి బైనాక్యులర్ కొనిపెట్టమన్నాను. కొన్నారు. ఆ పాప ఇప్పుడు మా టీమ్‌లో ఉంది.

ఇంతవరకూ నంబరు పొందినవి ఏడు లక్షలు దాటాయి. పేరున్నవి పాతిక వేల చుట్టుపక్కలే. అంటే కక్ష్య పూర్తిగా తెలిసినవాటిలో కూడా ఎక్కువ భాగం ఉత్త నంబర్లతోనే తిరుగుతున్నాయి. మొదలుపెట్టే టీచర్లు పిల్లలకి పేరు ఆశ చూపకుండా, కొలత ఎంత శుభ్రంగా తీశారో చూపించి మెచ్చుకోండి. పదో తరగతి పిల్లలతో పాటు ఎనిమిది, తొమ్మిది వాళ్ళని కూడా టీమ్‌లో కలపండి. ఒక బ్యాచ్ బడి దాటిపోతే పని తెలిసినవాళ్ళు ఇంకొకరు ఉంటారు. ఫొటోలు వచ్చిన కొద్ది రోజుల్లోనే రిపోర్టు పంపేయాలి, ఆదివారానికి దాచుకోకూడదు.

మా మొదటి టీమ్ పిల్లలు ఇప్పుడు డిగ్రీ, నర్సింగ్, పాలిటెక్నిక్ చదువుల్లో తలో ఊళ్ళో ఉన్నారు. 2026 అక్టోబరు ప్రాంతంలో మా గ్రహశకలం మళ్ళీ ఎదురొస్తుంది, ఈసారి మీనరాశి వైపు, నక్షత్రాల రద్దీ లేనిచోట. ఆరిజోనాలో వానలు కూడా వెళ్ళిపోయి ఉంటాయి. ఎఫ్51 గానీ జి96 గానీ దాన్ని పట్టుకుంటే 'యు' ఇంకో మెట్టు దిగుతుంది. వాట్సాప్ గ్రూపులో పేర్ల ఓటింగ్ ప్రస్తుతానికి సీతమ్మగారికీ సుబ్బారావుగారికీ మధ్య సమానంగా ఉంది, సీతారామరాజుకి ఒక ఓటు తక్కువ. ఆఖరి ఓటింగ్ నంబరు వచ్చిన రోజునే అని అందరం ఒప్పుకున్నాం.